డాక్టర్ సలహా: అక్కి మానింది, మంట ఎందుకు మానలేదు?

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లెటూరు. వయసు 57, షుగర్ ఉంది. ఎనిమిది నెలల కిందట ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా అక్కి లేచింది. కుమ్మరాయన దగ్గర రాయించుకున్నాను, పొక్కులు మాడిపోయాయి. మంట మాత్రం పోలేదు, రవిక తగిలినా నిప్పు పెట్టినట్టు ఉంటుంది. ఒంగోలులో చూపిస్తే బిళ్లలు రాశారు. అవి డిప్రెషన్ బిళ్లలని మెడికల్ షాపతను చెప్పడంతో వారానికే మానేశాను. నొప్పి ఎక్కువైతే షాపులో నొప్పి బిళ్ల తెచ్చి వేసుకుంటున్నాను. ఇంట్లో అంతా నీ భ్రమ అంటున్నారు. మెదడుకు స్కానింగ్ తీయించుకోవాలా?
ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: అమ్మా, స్కానింగ్ సంగతి తర్వాత. ఆ షాపు బిళ్ల పేరేంటో, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో మీరు రాయలేదు, నా భయమంతా దాని గురించే. మామూలుగా అడగ్గానే చేతిలో పెట్టేది డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి. షుగర్ ఉన్నవాళ్లు నెలల తరబడి అవి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండు పడొచ్చు, బీపీ పెరగొచ్చు. పోనీ నొప్పన్నా తగ్గుతుందా అంటే, కీళ్ల వాపుకో బెణుకుకో పని చేస్తాయిగానీ నరం నొప్పికి పెద్దగా పని చేయవు. మన కనిగిరి వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు నలిగిపోతున్నాయో మీకు తెలియంది కాదు. దయచేసి ఈరోజే ఆపేయండి.

చూడకుండా ఖాయంగా చెప్పలేనుగానీ, మీరు రాసినదాన్ని బట్టి ఇది అక్కి తర్వాత మిగిలిపోయే నరం నొప్పి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి దాక్కుని, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది. అక్కి రాయించుకున్నందుకు నేను తప్పుపట్టను, కానీ అక్కడి నుంచి అటే ఆస్పత్రికి వచ్చి ఉండాల్సింది. పొక్కులు లేచిన 72 గంటల్లోపు వైరస్ మందు మొదలుపెడితేనే ఎక్కువ ఉపయోగం. మీ ఇంట్లో, వీధిలో ఇంకెవరికి లేచినా ఈ మాట చెప్పండి.

ఇక భ్రమ అన్న మాట. కాదమ్మా. మీ నరం నిజంగా దెబ్బతింది, ఏమీ తగలకపోయినా తనంతట తానే మెదడుకు కబురు పంపుతూ ఉంటుంది. నెలల తరబడి ఆ కబురు వచ్చీ వచ్చీ వెన్నుపాము, మెదడు రెండూ బెదిరిపోయి ఉంటాయి. దొంగలు పడ్డ ఇంట్లో ఆ తర్వాత పిల్లి కదిలినా అందరూ లేచి కూర్చుంటారు చూడండి, అలాగన్నమాట, అందుకే రవిక గుడ్డ కూడా నిప్పులా అనిపిస్తుంది. షుగర్‌తో కాలు తీసేయించుకున్నవాళ్లు లేని పాదంలో నొప్పి అని నా ముందు ఏడ్చిన సందర్భాలున్నాయి. పాదం లేదు, నొప్పి మాత్రం నిజం. ఈ జవాబు మీ ఇంట్లోవాళ్లకు చదివి వినిపించండి, ఎందుకంటే మనల్ని ఎవరూ నమ్మడం లేదన్న దిగులు, నిద్రలేమి కూడా నొప్పిని పెంచుతాయి.

1965లో మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు వెన్నుపాములో నొప్పికి తలుపు లాంటిది ఒకటి ఉంటుందని చెప్పారు. అందులో కొన్ని వివరాలు తర్వాత మారాయి, కానీ పైనుంచి మెదడు ఆ తలుపును కొంత మూయగలదన్నది నిలబడింది. మూయడానికి అది వాడుకునే రసాయనాల్లో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ ముఖ్యమైనవి. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ లాంటి డిప్రెషన్ మందులు వీటినే పెంచుతాయి, అందుకే నరం నొప్పికి రాస్తాం, మనసు బాగాలేదని కాదు. ఫిట్స్‌కు వాడే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ కూడా ఇలాగే నరం నొప్పికి పనికొస్తాయి. ఏదైనా కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, కొన్ని వారాలు పడుతుంది, వారానికే మానేస్తే ఏ మందైనా ఏం చేస్తుంది? మొదట్లో మత్తుగా ఉండొచ్చు, నోరు ఎండొచ్చు, రాత్రిపూట లేచేటప్పుడు పడిపోకుండా చూసుకోండి. కొంతకాలం వాడాక ఎవరి మాటో విని ఒక్కసారిగా ఆపేయకూడదు. అనుమానం వస్తే షాపతన్ని కాదు, రాసిన డాక్టర్‌ని అడగండి.

మెదడు స్కానింగ్‌లో ఈ నొప్పి కనపడదు, మిమ్మల్ని చూసిన డాక్టర్ అడిగితే తప్ప డబ్బు తగలేయొద్దు. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా అది వేరే సంగతి, ఆ రోజే వెళ్లాలి. ఇంకొకటి, మీరు ఎడమ రొమ్ము కింద అన్నారు, షుగర్ ఉంది. ప్రతి ఛాతీ నొప్పినీ అక్కి మీదకు నెట్టకండి. బరువు పెట్టినట్టున్నా, చెమటలు పట్టినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయండి.

ఈ వారంలోనే క్రియాటినిన్ అనే కిడ్నీ రక్తపరీక్ష, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, ఒక ఈసీజీ చేయించుకుని మళ్లీ అదే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కిడ్నీ రిపోర్టును బట్టే కొన్ని మందుల మోతాదు మారుతుంది. వెళ్లేటప్పుడు షాపు బిళ్లల ఖాళీ అట్టలు కూడా తీసుకెళ్లి చూపించండి, దాచకండి.