డైట్ చార్ట్ పంపట్లేదే బంగారూ, ఉత్తరం రాస్తున్నా

బంగారూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్లో ఏడుస్తూ చెప్పింది సగం అర్థమైంది సగం కాలేదు. స్కూల్లో హెల్త్ చెకప్ పెట్టి కార్డు మీద రాసిచ్చారని, మీవాడు 9 ఏళ్లకే 44 కిలోలు ఉన్నాడని, ఎదురు ఫ్లాటావిడ లిఫ్టులో చూసి థైరాయిడ్ ఏమో చూపించకపోయారా అందని. చివర్లో, పెద్దమ్మా నువ్వు డ్రిల్ టీచర్‌గా చేశావు గదా, వీడికో డైట్ చార్ట్ రాసి వాట్సాప్‌లో పెట్టు, రేపట్నుంచే మొదలుపెడతా అన్నావు చూడు, అక్కడ నాకు భయమేసింది. చార్ట్ పెట్టట్లేదు. ఎందుకు పెట్టట్లేదో రాస్తా, కొంచెం పొడుగవుద్ది, మధ్యాన్నం తీరిగ్గా చదువుకో.

మీ అన్నయ్య ఆరో క్లాసులో బాగా లావుండేవాడు, నీకు గుర్తుండదు, నువ్వప్పటికి ఉయ్యాల్లో ఉన్నావు. నేనేమో పొద్దున లేస్తే ఊళ్లో పిల్లలందరి చేత పరుగులు తీయించేదాన్ని, నా కొడుకు గ్రౌండ్ చుట్టూ ఒక్క రౌండు కొట్టి కూలబడేవాడు. స్టాఫ్ రూంలో నవ్వులాట. పరువు పోయిందనిపించి పంతం పట్టా. అన్నం గిన్నెతో కొలిచి పెట్టా, రాత్రిళ్లు రెండు పుల్కాలే అన్నా, మేమందరం బంగాళాదుంప వేపుడు వేసుకుని తింటుంటే వాడి కంచంలో ఉడకబెట్టిన సొరకాయ. ఒరేయ్ బండోడా అని పిలిచేదాన్ని, రోషం వచ్చి తగ్గుతాడని. నాలుగు నెలలకి వాడి పుస్తకాల సంచీ అడుగున బిస్కెట్ ప్యాకెట్ల కాగితాలు దొరికినయ్యి, పదహారో పదిహేడో. డబ్బులెక్కడియ్యిరా అంటే మీ పెదనాన్న చొక్కా జేబులోవి. బరువు తగ్గకపోగా 3 కిలోలు పెరిగాడు, దొంగతనం నేర్చాడు, నా ఎదురుగా తినడం మానేశాడు. ఇప్పుడు వాడికి తల నెరుస్తోంది, ఈ రోజుకీ మా ఇంటికొచ్చి రెండోసారి అన్నం పెట్టించుకోవాలంటే ముందు నా మొహం వంక చూస్తాడే. ఆ చూపు చూసినప్పుడు నాకు ముద్ద దిగదు.

అందుకని చెప్తున్నా, మీవాడికంటూ వేరే తిండి వండమాక. ఇంట్లో ఐదుగురూ ఏం తింటే వాడూ అదే తినాలి. మార్చేది వాడి కంచం కాదు, మీ ఇంటి సరుకుల చీటీ. వాడి చేతిలో జీతం లేదు, బండి లేదు, ఆర్డర్ పెట్టే ఫోన్ కూడా మీదే, ఇంట్లోకి ఏదొచ్చినా పెద్దోళ్లు తెస్తేనే గదా వచ్చేది.

ముందు డాక్టర్ సంగతి చూడు. పిల్లల డాక్టర్ దగ్గరికే తీసుకెళ్లు, జిమ్ముల్లో పౌడర్లు అమ్మేవాళ్ల దగ్గరికి కాదు. థైరాయిడ్ తక్కువున్న పిల్లలు మామూలుగా ఎత్తు పెరగడం కూడా మందగిస్తారు, మీవాడు 138 సెంటీమీటర్లు ఉన్నాడంటున్నావు, క్లాసులో పొడుగ్గానే ఉంటాడు, అయినా టెస్ట్ చెయ్యాలో వద్దో డాక్టరే చెప్తాడులే. బీఎంఐ, అదే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, వేస్తే 23 వచ్చింది, నెట్‌లో చూస్తే పెద్ద ఎక్కువేం కాదని ఉంది అన్నావు గదా, అది పెద్దోళ్ల లెక్కమ్మా. పిల్లలకి వయసుని బట్టి గీత మారుద్ది. మన పిల్లల డాక్టర్ల సంఘం, అదే ఐఏపీ, 2015లో మన దేశం పిల్లల కోసం 5 నుంచి 18 ఏళ్ల దాకా చార్టులు వేసింది, వాటిల్లో చూస్తే 9 ఏళ్లకి 23 ఎక్కువే, బాగా ఎక్కువ. కంగారు పడమాక, ఎదిగే పిల్లాడిలో ఒక సుఖం ఉంది. చాలామందికి బరువు తగ్గించాల్సిన పని కూడా ఉండదు, పెరక్కుండా ఆపితే చాలు, ఎత్తే మిగతాది చూసుకుంటది. వాడు ఇదే 44 మీద నిలబడి 144 సెంటీమీటర్లకి ఎదిగాడనుకో, అదే లెక్క 21కి దిగుద్ది. ఏడాదో ఏడాదిన్నరో పట్టుద్ది. కాబట్టి ఆ బాత్రూం ముందు పెట్టిన తూకం మిషన్ తీసి అటక మీద పెట్టు, నెలకోసారి దించితే చాలు.

మెడ వెనక నల్లగా మందంగా అయ్యిందని, మురికనుకుని మీ అత్తగారు సున్నిపిండి పెట్టి రుద్దుతున్నారని నవ్వుతూ చెప్పావు. నవ్వే విషయం కాదే. రుద్దొద్దని చెప్పు ఆమెకి, పాపం పిల్లాడికి చర్మం మండుద్ది. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యక ఇంకా ఇంకా తయారవుతుంటే మెడ, చంకల దగ్గర చర్మం అట్లా ముఖమల్ గుడ్డలాగా నల్లబడుద్ది. డాక్టర్‌కి ఆ మెడ తప్పకుండా చూపించు, షుగరూ లివరూ చూస్తారేమో చూడనీ. రాత్రిళ్లు గట్టిగా గురక పెడుతున్నాడా, నిద్రలో ఊపిరి ఆగాగి తీస్తున్నాడా, మోకాళ్లు తుంటి నెప్పి అంటున్నాడా, ఊరికే దాహం అని నీళ్లు తాగి లేస్తున్నాడా, ఇయ్యి కూడా చెప్పు.

ఇంక ఇల్లు. ముందు తాగేవాటి మీద పడు, తినేవాటి జోలికి తర్వాత పోదాం, ఎందుకంటే నాకు తెలిసినంతలో తేలిగ్గా పోయేది అదే. మీ ఫ్రిజ్ తలుపులో పోయినసారి నేను చూసినప్పుడు పెద్ద కూల్ డ్రింక్ సీసా, రెండు మామిడి జ్యూస్ డబ్బాలు, బాదం మిల్క్ ఉన్నయ్యి. మామూలు కూల్ డ్రింక్ 100 ఎంఎల్‌లో 10 గ్రాముల పైచిలుకు పంచదార, 250 ఎంఎల్ గ్లాసంటే ఐదారు చెంచాలు. వాడి వయసు పిల్లలకి రోజుకి సుమారు 1700 కేలరీలు సరిపోతాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదేంటంటే అందులో విడిగా కలిపిన పంచదార పదో వంతు లోపు ఉండాలి, అంటే 42 గ్రాములు, సగానికి తగ్గిస్తే ఇంకా మంచిది. ఒక్క గ్లాసుతో సగం పైన అయిపోయింది గదా, ఇంక పొద్దున పాలల్లో కలిపే ఆ చాక్లెట్ పొడి, దాని మీద మళ్లీ రెండు చెంచాల పంచదార. ఆ పొడుల్ని హెల్త్ డ్రింక్స్ అని పెట్టి అమ్మొద్దని 2024లో కేంద్రమే ఆన్‌లైన్ షాపులకి చెప్పింది. బలం అనుకుని పోస్తున్నాం మనం. ఒక్కసారే మానిపిస్తే రభస చేస్తాడు, వారానికో అర చెంచా తగ్గించుకుంటా రా. సీసాలు మాత్రం అసలు కొనమాక, ఇంట్లో ఉంచి వద్దనడం కంటే లేకపోవడం నయం. మజ్జిగ ఉంది, ఎండాకాలం ముంజలు, కొబ్బరి బొండాలు ఉన్నయ్యి, అన్నిటికంటే ముందు కుండలో నీళ్లున్నయ్యి.

అన్నం మానిపించమాక, మనం కృష్ణా గుంటూరోళ్లం, అన్నం లేకపోతే తిన్నట్టే ఉండదు. వడ్డించే తీరు మార్చు. మనింట్లో ముందు అన్నం కొండలాగా పోసి మధ్యలో గుంట చేసి చారెడు కూర వేస్తాం, దాన్ని తిరగెయ్. ముందు కూర, పప్పు వెయ్యి, తర్వాత అన్నం. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు చెప్పే కంచం కూడా అదే, సగం కూరగాయలూ పళ్లూ. ముద్దపప్పూ ఆవకాయా నెయ్యీ పెట్టు, నెయ్యి చెంచాతో వెయ్యి, గిన్నె వంచమాక. నూనె ఎంత వాడుతున్నారే మీరు, నెలకి 7 లీటర్లన్నావు గదా ఓసారి? ఆ సంస్థ పెద్దోళ్లకి వేసిన లెక్కే మనిషికి రోజుకి 27 గ్రాములు, ఐదుగురికి నెలకి 4 కిలోల చిల్లర. 7 కాస్తా 5 చెయ్ ముందు, మీ మామగారి బీపీకి కూడా మంచిదే.

ఇప్పుడు అసలు కష్టమైన చోటుకొచ్చా, మీ అత్తగారు. ఆమెని తప్పు పట్టమాక. వాళ్ల చిన్నప్పుడు పిల్లాడు బొద్దుగా ఉన్నాడంటే ఆ ఇంట్లో గాదె నిండుగా ఉందని లెక్క, సన్నగా ఉన్నాడంటే తల్లికి తిట్లు. ఆ లెక్కలోనే 9 ఏళ్లోడికి టీవీ ముందు కూర్చోబెట్టి ఇది తాతయ్య ముద్ద, ఇది కాకి ముద్ద అని తినిపిస్తున్నారు. కడుపు నిండిందని వాడికి తెలిసే లోపే ఇంకో నాలుగు ముద్దలు పోతున్నయ్యి. ఎదురు చెప్పావంటే నీ కళ్లు కప్పి పెడతారు. ఆమెకే పని అప్పజెప్పు. అత్తయ్యా, స్కూల్ నుంచి రాగానే వాడికి మీ చేత్తో గుగ్గిళ్లు చెయ్యండి, మీరు చేసినంత బాగా నాకు రావు అను. శెనగలు, పెసలు, అలసందలు, తాలింపుకి చెంచా నూనె చాలు. ఉడకబెట్టిన పల్లీలు ఓ గుప్పెడు, జాంకాయ, మొక్కజొన్న పొత్తు. చిప్స్ ప్యాకెట్ ఊసు రాదు అప్పుడు. అన్నం మాత్రం వాడి చేత్తో వాడే తినాలి, టీవీ కట్టేసి.

అల్లుడికి కూడా ఈ ముక్క చదివి వినిపించు. మిర్చి యార్డు సీజన్‌లో పాపం ఆయన ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర అవుద్ది, రోజంతా పిల్లాణ్ని చూడలేదన్న బెంగతో చేతిలో పార్శిల్ కవర్ ఉంటది, ఫ్రైడ్ రైసో స్వీటో. వాడు ఏడున్నరకి ఓసారి తిని, నాన్నతో మళ్లీ తిని, ఫోన్ చూసి పదకొండింటికి పడుకుంటున్నాడు. బస్సు ఏడుంబావుకి, ఆరింటికి లేపుతున్నావు. ఏడు గంటల నిద్ర! ఆ వయసుకి 9 నుంచి 11 గంటలు పడుకోవాలే. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలి ఎక్కువేస్తది, అది కూడా తీపి మీదికే పోతది, ఇది నేను పిల్లల్లో కళ్లారా చూశా. తొమ్మిదికల్లా లైటు ఆపెయ్యండి. నాన్న ప్రేమ పొద్దున ఇరవై నిమిషాలు వాడితో నడిస్తే సరిపోద్ది. బజ్జీలు పునుగులు మానమన్నానని అనుకుంటాడేమో, నేనంత మాట అనను, విజయవాడలో పుట్టి పునుగులు వద్దంటే పాపం తగులుద్ది. ఆదివారం సాయంత్రం అందరూ నడిచి బండి దగ్గరికెళ్లి, అక్కడే ఓ ప్లేటు తలా కాస్త తిని, నడిచి ఇంటికి రండి. ఫోన్లో ఆర్డర్ పెట్టి సోఫాలోకి తెప్పించుకోవద్దు, అంతే.

ఆట గురించి నాకు చాలా ఉంది చెప్పడానికి, కోపం కూడా ఉంది. మా రోజుల్లోనే గేమ్స్ పీరియడ్ వస్తే లెక్కల మాస్టారు వచ్చి సిలబస్ అవ్వలేదు టీచర్ అని పట్టుకుపోయేవాడు, ఇప్పుడైతే స్కూలే అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది, పీరియడ్ ఉన్నా గ్రౌండ్ ఎక్కడ? ఈ వయసు పిల్లలు రోజుకి 60 నిమిషాలు ఒళ్లు కదిలించి ఆడాలి, ఒగర్చేంత. నా తప్పు కూడా ఒకటి చెప్పేస్తా. లావు పిల్లల్ని నేను స్కోర్ రాయడానికి కూర్చోబెట్టేదాన్ని, వాళ్ల కష్టం చూళ్లేక అనుకునేదాన్ని, నిజానికి నా టీం ఓడిపోద్దని. ఏళ్ల తర్వాత ఓ పిల్లని కబడ్డీ కోర్టులోకి దింపా, లాగి పట్టుకుందంటే అవతలి రైడర్ ఇంచు కదల్లేకపోయింది. ఆ రోజు నుంచి అది గ్రౌండ్ వదిలితే ఒట్టు. మీవాడికి పరుగు పందెం పెట్టమాక, ముందే ఆఖరున వస్తే ఇంక రాడు. కబడ్డీ, సైకిలు, నేర్పేవాళ్లుంటే ఈత, మీ సెల్లార్‌లో కార్లు లేని పూట ఏడు పెంకులాట. ఎండాకాలం గుంటూరు ఎండలో పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఆరు తర్వాత. బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం మీకు దగ్గరే గదా, వాడొక్కణ్ణే పంపితే వాచ్‌మన్‌తో కబుర్లు చెప్పి వస్తాడు, నువ్వూ వెళ్లు. అసలు నువ్వు చివరిసారి నడిచిందెప్పుడే, నిజం చెప్పు.

ఇంకోటి. వాణ్ని లడ్డూ లడ్డూ అని పిలుస్తారు మీ ఇంట్లో, ముద్దుగానే అనుకో. పోయిన పెళ్లిలో ఎవరో ఆ పేరు విని పొట్ట గిల్లారు, వాడు నవ్వాడు గానీ తర్వాత ఫోటోల్లోకి రాలేదు, నేను చూశా. పేరు పెట్టి పిలవండి. వాడి ముందు బరువు మాట ఎత్తొద్దు, చుట్టాలెవరన్నా ఎత్తితే నువ్వే మాట మార్చెయ్.

అన్నీ ఒకే వారం మొదలెట్టమాక, ఈ నెల సీసాలూ నిద్రా చూడు, నూనె సంగతి వచ్చే నెల.

ఆదివారం పొద్దున్నే బస్టాండ్‌లో గుంటూరు బస్సెక్కుతా, ఎనిమిదింటికల్లా ఉంటా. పోయినసారిలాగా స్వీట్ బాక్స్ తేవట్లేదు, సత్యనారాయణపురం మార్కెట్‌లో జాంకాయలు బాగున్నయ్యి, రెండు కిలోలు తెస్తా, వాడికో స్కిప్పింగ్ తాడు, నీకొకటి. పెసరట్టుకి పెసలు శనివారం రాత్రే నానబెట్టుకో, ఉప్మా మాత్రం నాకొద్దు. మీ అత్తగారికి చెప్పు, ఆమె గుగ్గిళ్లు తినడానికే వస్తున్నానని.

మీ పెద్దమ్మ