బాస్ లేదంటున్న వారు చెవిని వెనక్కి లాగి చూశారా?

శబ్దాన్ని అడ్డుకునే ఇన్-ఇయర్ ఇయర్‌ఫోన్లు కొనాలనుకుంటున్నాననీ, ఒకే జతను ఒకరు అద్భుతమంటుంటే ఇంకొకరు బాస్ (గుమ్మనే లోతైన నాదం) లేని డొల్ల సరుకంటున్నారనీ, వీరిలో ఎవరి మాట నమ్మాలనీ మీరు అడిగారు. ఇద్దరి మాటా నమ్మవచ్చు. ఇద్దరూ కొన్నది ఒకటే అయినా విన్నది ఒకటి కాదు. బాస్ లేదని రాసేవారిలో పదింట తొమ్మిదిమందికి ఆ వస్తువు చెవిలో సరిగా కూర్చోనే లేదని నా గట్టి నమ్మకం. దీనికి నా దగ్గర లెక్కాపత్రాలు లేవు, మా మావయ్య చెవులు మాత్రమే ఉన్నాయి.

నేను బరంపురంలో పట్టుచీరలు నేసే వీధిలో ఉంటాను. మా గోడకు ఆనుకునే పక్కింటివారి మగ్గం ఉంది. ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకునే నాకు ఉదయం నుంచీ ఆ పన్నె దెబ్బే తోడు. మొదట బ్యాటరీతో పనిచేసే నాయిస్ క్యాన్సలింగ్ రకం కొన్నాను. అది ఎడతెగకుండా ఒకే తీరున మోగే ఫ్యాన్ హోరును చక్కగా తుడిచేసింది గాని, ఉండి ఉండి ఠక్కుమని పడే మగ్గం దెబ్బను పట్టుకోలేకపోయింది. ఫ్యాన్ హోరు పోయిన నిశ్శబ్దంలో ఆ దెబ్బ మునుపటికంటే స్పష్టంగా వినబడసాగింది. అప్పుడు బ్యాటరీ లేని, చెవిని బిరడాలా మూసేసే రకానికి మారాను. ఈ రకం కొత్తదేమీ కాదు. ఎటిమోటిక్ కంపెనీ వారి ఇఆర్-4 అనే జత వచ్చింది 1991లో. దానికి 35 నుంచి 42 డెసిబెల్స్ దాకా, షూర్ ఎస్‌ఈ215కు 37 డెసిబెల్స్ దాకా బయటి శబ్దం తగ్గుతుందని తయారీదారులు చెబుతారు. 30 డెసిబెల్స్ తగ్గడమంటేనే శబ్దశక్తిలో వెయ్యో వంతు మిగలడం. అయితే ఈ అంకెలన్నీ చెవిలో సందు లేకుండా మూసుకున్నప్పటి మాట.

ఆ సందు ఎంత పని చేస్తుందో నాకు కిందటి ఠాకురాణి యాత్ర (మా ఊరి అమ్మవారి జాతర) రోజుల్లో తెలిసింది. ఇచ్ఛాపురం నుంచి మా మేనమామ వచ్చి మా ఇంట్లో దిగారు. రాత్రి పడుకునే ముందు కచేరీ వినకపోతే ఆయనకు నిద్ర పట్టదు. వీధిలోనేమో డప్పులు, మైకులు. నా ఇయర్‌ఫోన్లు ఆయన చేతికిచ్చి, ఫోన్‌లో ఒక వయొలిన్ కచేరీ పెట్టాను. ఆయన వాటిని రెండు వేళ్లతో చెవి గుమ్మం దగ్గర ఆనించుకుని, రెండు నిమిషాలు విని, మొహం చిట్లించి, "ఏట్రా ఇది? వీధిలో డప్పు వినబడతంది గాని ఇందులో మృదంగం వినబడ్డం లేదు!" అన్నారు.

ఆయన ఆ ఒక్క వాక్యంలో వస్తువు లోపమనుకుని చెప్పింది నిజానికి చెవి దగ్గర సందు లక్షణం. సన్నగా పలికే తారస్థాయి స్వరాలు సందు ఉన్నా చెవిలోకి చేరతాయి. మంద్రస్థాయి నాదానికి మాత్రం మూసి ఉన్న గది కావాలి. గుండుసూది పట్టేంత సందున్నా మృదంగం ఎడమవైపు గుమ్మనే నాదం అందులోంచి జారిపోతుంది, అదే దారిన వీధి డప్పు లోపలికి వచ్చేస్తుంది. నేను ఇయర్‌ఫోన్ల కొసన చెవిలోకి దూరే మెత్తని తొడుగులను, అంటే సిలికాన్ టిప్పులను తీసేసి ఫోమ్ టిప్పులు తొడిగి, వాటిని వేళ్ల మధ్య సన్నగా నులిమి, "మావయ్యా, కొంచెం నోరు తెరవండి" అని, ఆయన చెవిని పైకీ వెనక్కీ లాగి లోపలికి జొనిపి, ఫోమ్ ఉబ్బేదాకా అర నిమిషం అలాగే అదిమి పట్టుకున్నాను. చెవిగొట్టం తిన్నగా ఉండదు, వంపు తిరిగి ఉంటుంది. అలా లాగితే ఆ వంపు కొంత సరి అవుతుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషి నోరు తెరుచుకుని, నేను చెవి పట్టుకుని నిలబడి ఉంటే మా అత్తయ్య గుమ్మంలో నుంచుని నవ్వు ఆపుకోలేకపోయింది. రెండో చెవి కూడా అయ్యాక ఒక్క క్షణం ఆయన కళ్లు పెద్దవయ్యాయి. "ఉందిరా! మృదంగం ఉంది!" అని అరిచారు. చెవులు మూసుకున్న మనిషి ఎంత గట్టిగా మాట్లాడతాడో ఆ రాత్రి మా వీధంతా విన్నది. తరవాత నేను పక్కనే నిలబడి పిలిచినా ఆయన పలకలేదు.

ఆయన ఆ రాత్రికి మెచ్చుకున్నారే గాని, మర్నాటికి ఫిర్యాదులు మొదలుపెట్టారు. వాటిలో కొన్ని న్యాయమైనవి. అటుకులు నములుతుంటే తలలో రాళ్లు విసురుతున్నట్టుందన్నారు. చెవి మూసుకున్నప్పుడు మన నమలడం, మన అడుగు, మన గొంతు ఎముకల గుండా వచ్చి లోపలే మోగుతాయి, దాన్ని పూర్తిగా ఎవరూ పోగొట్టలేరు గాని, కొంచెం లోతుగా పెట్టుకుంటే కొంత తగ్గుతుంది. తీగ చొక్కాకు రాసుకున్నప్పుడల్లా బరబరమంటోందన్నారు. తీగను చెవి మీదుగా వెనక్కి తిప్పి వేసుకుంటే అది చాలావరకు పోయింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత రికార్డింగు పెడితే వయొలిన్‌కంటే ముందు గరగర వినబడుతోందన్నారు. ఆ గరగర రికార్డులో ఎప్పటినుంచో ఉన్నదే, ఇంతకాలం ఫ్యాన్ హోరు దాన్ని కప్పింది. పాత పాటలకు ఈ ఇయర్‌ఫోన్లు పనికిరావని రాసేవారు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

నొప్పి విషయంలో మాత్రం నేను ఎవరితోనూ వాదించను. కొందరి చెవిగొట్టాలు నిజంగానే సన్నవి, వారికి గంట దాటితే భరించడం కష్టం. ఒకే మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని కూడా లేదు. మా మావయ్యకు కుడివైపు పెద్ద టిప్పు, ఎడమవైపు మధ్యరకం సరిపోయాయి. ఇక్కడే నాకు దుకాణాల మీద ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో నేను అడిగిన ఒక దుకాణదారు డబ్బా తెరిచి ఇంకో కొలత టిప్పు పెట్టి చూపించడానికి ససేమిరా అన్నాడు. ఎవరో తమ చెవులతో విని తీసిన వీడియోలు చూసి కొనమన్నాడు. డబ్బాలో మూడు కొలతలు ఇస్తే జనం ముందే తొడిగి ఉన్న కొలతతో ఒక పూట విని, బాస్ లేదని ఒక నక్షత్రం ఇచ్చేస్తారు. కొన్నాళ్ల తరవాత ఒక వైపు ధ్వని తగ్గిపోయిందని రాసేవారిలోనూ చాలామంది ఇయర్‌ఫోన్ గొట్టం కొసనున్న జాలీలో చేరిన గుబిలిని చూసి ఉండరు. నాకు అలా రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ శుభ్రం చేస్తే బాగుపడింది.

నేను వీటిని వదలకపోవడానికి అసలు కారణం ధ్వని నాణ్యత కూడా కాదు. బయటి శబ్దం తగ్గినప్పుడు వాల్యూమ్ పెంచవలసిన పని ఉండదు. పెద్దలు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలకు మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. విశాఖ రైల్లో మామూలు ఇయర్‌ఫోన్లతో పలాస దాటేసరికే వాల్యూమ్ చివరికంటా తిప్పేసేవాణ్ణి, ఇప్పుడు సగం కూడా దాటడం లేదు. అయితే స్టేషన్‌లో దిగగానే రెండూ తీసి జేబులో వేసుకుంటాను. పట్టాల దగ్గరా, రోడ్డు మీదా వీటితో నడిచేవారిని చూస్తే నాకు వణుకు పుడుతుంది.

కాబట్టి కొనండి, కాని అన్ని కొలతల టిప్పులూ కనీసం వారం రోజులు మార్చి మార్చి చూసి, అప్పుడు మీ అభిప్రాయం రాయండి. నా జత గురించి ఇంకా ఏమైనా అడగాలంటే మా మావయ్యనే అడగాలి. యాత్ర అయ్యాక వాటిని కళ్లజోడు పెట్టెలో పెట్టుకుని ఇచ్ఛాపురం పట్టుకుపోయారు, తనకు పట్టని చిన్న టిప్పులు మాత్రం నా బల్ల మీద వదిలి వెళ్లారు.