ఆర్సీ మీ పేరు మీదే... కారు మాత్రం లీజు కంపెనీది

ప్రశ్న: నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఏడాది కిందట బీఎండబ్ల్యూ ఎం340ఐ కారును నాలుగేళ్ల లీజుకు తీసుకున్నాను. ఆర్సీ నా పేరు మీదే ఉంది, అందులోనే లీజు కంపెనీ పేరు కూడా రాశారు. స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం), స్పోర్ట్స్ ఎగ్జాస్ట్ (శబ్దం ఎక్కువుండే సైలెన్సర్), మ్యాట్ గ్రే ర్యాప్ (కారు మీద అంటించే రంగు ఫిల్మ్) చేయించాలని ఉంది. పాత ఎగ్జాస్ట్ ఇచ్చేస్తే బిల్లులో తగ్గిస్తానని షాపు ఆయన అంటున్నాడు. లీజు అయిపోయేలోపు మళ్లీ పాతవన్నీ బిగించేస్తే ఎవరికీ తెలియదని ఫ్రెండ్స్ చెబుతున్నారు. ఆర్సీ నాదే కాబట్టి మార్చుకోవడం నా ఇష్టమే కదా? తర్వాత ఏమైనా చిక్కులొస్తాయా?

జవాబు: ముందుగా ఒక మాట. రీమ్యాప్ సంగతి తర్వాత చూద్దాం, ఆ పాత ఎగ్జాస్ట్ మాత్రం షాపువాడి చేతిలో పెట్టకండి. అది మీ సొత్తు కాదు, లీజుకిచ్చిన కంపెనీది. దాన్ని అమ్ముకున్నా, ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసినా నేరపూరిత నమ్మకద్రోహం కింద ఫిర్యాదు చేయడానికి వాళ్లకు దారి చూపినట్టే. పాత ఐపీసీలో 406 అని వినే ఉంటారు. 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహిత 316లోకి వచ్చింది, గరిష్ఠ శిక్ష కూడా మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఒక సైలెన్సర్ కోసం కేసు పెడతారా అంటారేమో. మామూలు రోజుల్లో పెట్టరు. రెండు నెలల అద్దె ఆగినప్పుడో, కారు తిరిగిచ్చే రోజు లెక్కలు తేలనప్పుడో లాయర్ నోటీసు వస్తుంది చూడండి, అందులో మొదటి పేరా ఇదే ఉంటుంది.

ఇక ఆర్సీ సంగతి. చాలామంది పొరబడేది ఇక్కడే. లీజు మీద ఉన్న బండిని రిజిస్టర్ చేసేటప్పుడు ఆ ఒప్పందం ఉన్నట్టు ఆర్సీలో రాయాలని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51 చెబుతుంది. మీ ఆర్సీలో ఉన్నది అదే. లీజు ముగిసిందని తెలిపే ఫారం 35 మీద లీజు కంపెనీ సంతకం పెట్టేదాకా ఆ ఎంట్రీ పోదు. అదే చట్టంలో ‘ఓనర్’ అంటే ఎవరో సెక్షన్ 2(30) చెప్పింది: బండి ఎవరి పేరున రిజిస్టర్ అయిందో వారు, లీజు, హైర్ పర్చేజ్ (వాయిదాల కొనుగోలు), హైపోథికేషన్ (బండిని హామీగా పెట్టి తీసుకున్న అప్పు) ఉంటే ఆ ఒప్పందం కింద బండి ఎవరి చేతిలో ఉందో వారు. ఎటు చూసినా మీరే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గోదావరి ఫైనాన్స్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2008లో ఈ నిర్వచనం ఆధారంగానే ప్రమాద పరిహారం భారం ఫైనాన్స్ కంపెనీ మీద కాదు, బండి చేతిలో ఉన్నవారి మీదేనని చెప్పింది. అంటే చలాన్‌కి, పరిహారానికి, శిక్షకి మీరు ఓనర్. కారు మీద ఆస్తి హక్కు మాత్రం లీజు కంపెనీదే. ఇందులో అన్యాయం ఉందా అంటే, కొంచెం ఉంది. కానీ సంతకం పెట్టినప్పుడు మీరు ఒప్పుకున్నది ఇదే.

బండిలో మార్పుల గురించి సెక్షన్ 52 మాట్లాడుతుంది. తయారీదారు ఇచ్చిన వివరాల ఆధారంగా ఆర్సీలో ఏం రాశారో, దానికి తేడా వచ్చేలా మార్చకూడదన్నది దాని సారం. 2019 జనవరిలో కేరళకు చెందిన ఓ ఆర్టీవో కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. ‘మార్పు’ అంటే బండి నిర్మాణంలో మౌలిక లక్షణం మారేలా చేసేదని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది కాబట్టి, సీటు కవర్లు, డాష్‌క్యామ్ లాంటివాటికి టెన్షన్ అక్కర్లేదు. మీ మూడు పనులను ఈ వెలుగులో చూద్దాం.

ఎగ్జాస్ట్ అన్నిటికంటే ప్రమాదం. శబ్దం, పొగ ప్రమాణాలు దాటిన బండిని రోడ్డు మీద నడిపితే సెక్షన్ 190(2) కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. దానికి తోడు మూడు నెలలు లైసెన్స్‌పై అనర్హత. అనుమతి లేని మార్పుకు 182ఏ(4) కింద ఆరు నెలల దాకా జైలు లేదా ఒక్కో మార్పుకు ఐదువేల జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి, మూడు మార్పులుంటే మూడు లెక్కలు. శబ్దాన్ని పెంచే, తగ్గించే వాల్వ్ ఉన్న ఎగ్జాస్ట్ చూపించి షాపులో ‘వాల్వ్ మూసుకుంటే స్టాక్ (కంపెనీ ఇచ్చిన) సౌండే సార్’ అంటారు. నిజమే కావచ్చు. చెక్‌పోస్ట్ దగ్గర ఎస్సై గారు వినేది మీరు వాల్వ్ తెరిచి వస్తున్నప్పుడే. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) తీసేసిన డౌన్‌పైప్ (ఇంజిన్ దగ్గరి పొగగొట్టం) అయితే అసలు ఆలోచనే వద్దు.

రీమ్యాప్ దగ్గర వాదనకు చోటుంది. నిర్మాణం ఏమీ మారలేదు, సాఫ్ట్‌వేరే కదా అనొచ్చు. కానీ ఆర్సీ కార్డు తీసి చూడండి, హార్స్ పవర్ అంకె దాని మీదే అచ్చయి ఉంటుంది. రీమ్యాప్ తర్వాత ఆ అంకె అబద్ధం అవుతుంది. రోడ్డు మీద ఎవరూ దీన్ని పట్టుకోలేరు. పట్టుకునేది సర్వీస్ సెంటర్, ఆ తర్వాత ఇన్సూరెన్స్ సర్వేయర్. కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్ (స్టాక్ ఫైల్) మళ్లీ ఎక్కించినా చాలా కార్ల కంప్యూటర్‌లో మార్చిన జాడ మిగులుతుంది. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో అయితే ట్యూనింగ్ దొరికినప్పుడు కంపెనీ రికార్డులో టీడీ1 అనే గుర్తు పడుతుంది, దాంతో ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. మీది బీఎండబ్ల్యూ అయినా ఆశ పెట్టుకోకండి. ‘ఎవరికీ తెలియదు’ అన్న మీ ఫ్రెండ్స్ లీజు పత్రం మీద సంతకం పెట్టలేదు.

ర్యాప్ కొంత నయం, తీసేస్తే పోతుంది. అయితే రంగు కూడా ఆర్సీలో ఉంటుంది. కారు మొత్తానికి వేరే రంగు వేస్తే ఆర్టీఏలో నమోదు చేయించాలి, దానికి లీజు కంపెనీ ఎన్‌ఓసీ అడుగుతారు. రంగు మారని పారదర్శక పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే ఫిల్మ్)తో ఈ గొడవ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది ప్రభుత్వంతో పేచీ. లీజు కంపెనీతో పేచీ వేరు, నా అనుభవంలో అదే ఎక్కువ ఖరీదు. వస్తువును అద్దెకివ్వడం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో బెయిల్‌మెంట్ కిందికి వస్తుంది. షరతులకు విరుద్ధంగా వాడితే ఇచ్చినవాడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చని సెక్షన్ 153 అంటుంది. ఆ సెక్షన్ కింద ఉన్న ఉదాహరణ చదివి తీరాలి: స్వారీకి అద్దెకు తీసుకున్న గుర్రాన్ని బండికి కడితే చాలు, యజమాని ఒప్పందం తెంచేసుకోవచ్చు. 154లో ఇంకో గుర్రం ఉంది. కలకత్తాలో బెనారస్ వెళ్లడానికని అద్దెకు తీసుకుని కటక్ వైపు తోలాడు. జాగ్రత్తగానే తోలాడు, అయినా అది పడి దెబ్బ తగిలింది. నష్టం అతనిదే. మీ విషయంలో దీని అర్థం: రీమ్యాప్ చేసిన ఇంజిన్ మీ తప్పు లేకుండా పాడైనా ‘నేను జాగ్రత్తగానే నడిపాను’ అన్న జవాబు నిలబడకపోవచ్చు.

కారు తిరిగిచ్చేటప్పుడు కంపెనీ ఎంత వేస్తే అంత కట్టాలని మాత్రం అనుకోకండి. ఒప్పందంలో పెనాల్టీ అంకె రాసి ఉన్నా, సెక్షన్ 74 ప్రకారం అది గరిష్ఠ పరిమితి మాత్రమే. సమంజసమైన పరిహారమే రాబట్టుకోగలరు. చిక్కల్లా డిపాజిట్ వాళ్ల దగ్గర ఉండటమే. పైగా ఇలాంటి ఒప్పందాల్లో తరచుగా ఆర్బిట్రేషన్ క్లాజు (గొడవను కోర్టు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు) ఉంటుంది. మీ పత్రంలో ఆర్బిట్రేషన్ ఏ ఊళ్లో అని రాశారో ఈ రాత్రే చూడండి. ముంబయి అని ఉంటే చిన్న మొత్తానికి అక్కడిదాకా వెళ్లి పోట్లాడటం గిట్టుబాటు కాదు.

ఇన్సూరెన్స్‌లో మార్పులు చెప్పకుండా దాస్తే, ప్రమాదంలో గాయపడిన అవతలివారికి పరిహారం సాధారణంగా బీమా కంపెనీ నుంచే అందుతుంది. మీ కారు సొంత డ్యామేజీ క్లెయిమ్ దగ్గరే తిప్పలు. తిరస్కరించవచ్చు, కోత పెట్టవచ్చు. మీ పాలసీలో ఐఎంటీ 6 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే షరతు) ఉందేమో చూడండి, అది లీజు బండ్లకు వేసేది. కారు పూర్తిగా నాశనమైతే ఆ డబ్బు ముందు లీజు కంపెనీకే వెళ్తుంది. క్లెయిమ్ పోతే వాళ్లు అదే డబ్బు మీ దగ్గర అడుగుతారు. అన్నట్టు, ట్యూనింగ్ అయ్యాక చెన్నై ట్రాక్ మీద ఓ రౌండ్ వేద్దామని ఎవరైనా పిలిస్తే, మామూలు కారు పాలసీకి రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వర్తించవని గుర్తుంచుకోండి.

మరి ఏం చేయాలి? నాలుగేళ్ల తర్వాత ఈ కారును మీరే కొనుక్కునే ఉద్దేశం ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. కొనేట్టయితే మూడేళ్లు ఆగండి. ఫారం 35 చేతికొచ్చాక లీజు కంపెనీతో పేచీ ఉండదు, ఆర్టీఏ, ఇన్సూరెన్స్ నిబంధనలు మాత్రమే చూసుకుంటే చాలు. తిరిగిచ్చేట్టయితే వేరేవాళ్ల ఇంజిన్ మీద మీ జీతం ఎందుకు పోస్తారు? మీరు పెట్టిన ఖర్చు వల్ల కారు విలువ పెరిగిందని వాళ్ల దగ్గర పైసా రాదు.

అయినా మనసు ఆగకపోతే పీపీఎఫ్, అదే మోడల్‌కి తయారీ కంపెనీ ఇచ్చే సైజు అలాయ్స్ దాకా అడిగి చూడండి. ఫోన్‌లో కస్టమర్ కేర్ ‘ఏం ఫర్లేదు సార్’ అన్న మాటకు విలువ లేదు. ఈమెయిల్ రాయండి: ఏ భాగం మారుస్తున్నారు, ఏ పార్ట్ నంబర్, ఎవరు బిగిస్తారు, పాత భాగం ఎక్కడ ఉంచుతారు, తిరిగిచ్చేటప్పుడు పాతది బిగించి ఇస్తే కోత ఉండదా. ఈ చివరి ప్రశ్నకు జవాబు విడిగా, స్పష్టంగా రాబట్టండి. జవాబు వచ్చాక దాని కాపీ బీమా కంపెనీకి పంపి, ఎండార్స్‌మెంట్ తీసుకుని, ఆ తర్వాతే కారు షాపుకు తీసుకెళ్లండి. వాళ్లు జవాబివ్వకుండా నానిస్తే దాన్ని అనుమతిగా లెక్కేసుకోకండి.