పాత స్పోర్ట్స్ కార్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: డాట్సన్ 240జెడ్ లాంటి కార్లు ఒకప్పుడు మామూలు ఉద్యోగుల చేతికీ అందేవి. అప్పుడే ఒకటి కొని ఉంచుకోలేదన్న బాధ వదలడం లేదు. ఇవి ఇంత ఖరీదెందుకయ్యాయి? ధర మళ్లీ దిగుతుందా?

జవాబు: 1970లో అమెరికాలో 240జెడ్ ధర 3,526 డాలర్లు. లక్షన్నరకు పైగా తయారయ్యాయి కాబట్టి అరుదైన కారేమీ కాదు. అరుదుగా మిగిలింది తుప్పు పట్టని 240జెడ్. రేకు పల్చన, తుప్పును ఆపే పూత అంతంతమాత్రం. బ్యాటరీ ట్రే కింద, ఫ్లోర్ కింది ఉక్కు కమ్మీల్లో, వెనుక డోర్ అంచుల్లో తుప్పు మొదలై బండిని తినేస్తుంది. చౌకగా దొరికిన రోజుల్లో బాగుచేసే ఖర్చు బండి ధరను మించిపోయేది, అందుకే చాలా బండ్లు తుక్కుకు పోయాయి. నేటి ధరకు మూలం ఆనాటి చౌకే.

చట్టాలు కూడా ధరలను కదిలిస్తాయి. విదేశాల నుంచి తెచ్చుకునే కారుకు 25 ఏళ్లు నిండితే అమెరికాలో భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు దొరుకుతుంది. 1999లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ ఆర్34 జీటీ-ఆర్‌కు ఆ వీలు 2024లో మొదలైంది. ధర అంతకు చాలా ముందే ఎగబాకింది.

మంచి 240జెడ్ మళ్లీ చౌకవుతుందని మేం అనుకోవడం లేదు. మీ బాధలో న్యాయం ఉంది. అయితే అప్పుడు కొన్నా, తడి తగలని షెడ్డు, అడుగుభాగానికి క్రమం తప్పని మైనపు పూత లేకుంటే అది ఇంతకాలం నిలవడం కష్టం.

ప్రశ్న: ఎంజీబీ రోడ్‌స్టర్ ఒకటి చూశాను. రంగు మెరుస్తోంది, ఇంజిన్ బాగుంది. ఇంకేం చూడాలి?

జవాబు: ఇంజిన్ సంగతి చివర్లో చూసుకోవచ్చు. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది, ఇంజిన్ విడిభాగాలు నేటికీ కొత్తవి దొరుకుతాయి. దీని ప్రాణమంతా సిల్స్‌లో, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు దూలాల్లో, ఉంది. విడిగా చాసిస్ లేదు, పైకప్పూ లేదు. అందుకే బండి వంగకుండా ఆపే భారమంతా తలుపుల కింది సిల్స్ మీదే పడుతుంది.

తలుపు మూసి, దానికీ వెనుక వింగ్‌కూ (చక్రం పైని బాడీ రేకుకూ) మధ్య సందు చూడండి. పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటే బాడీ నడుము దిగినట్టే. తర్వాత జాకీతో ఎత్తి అదే సందు మళ్లీ చూడండి. మారినా, తలుపు బిగుసుకున్నా కొనకండి. అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి సిల్ పొడవునా జరపండి, పట్టనిచోట పుట్టీ ఉంది.

సిల్ అంటే మూడు ముక్కలు: బయటి సిల్, మధ్య పొర, అడుగున క్యాసిల్ రైల్. పాతదాని మీదే కొత్త రేకు అతికించి రంగు కొట్టేవాళ్లు ఎక్కువ, లోపలి రెండూ కుళ్లుతూనే ఉంటాయి. సరిగ్గా చేయాలంటే ముందువైపు వింగ్ విప్పాలి, వెనుక వింగ్ కింది భాగం కోయాలి. ఆ పని జరుగుతున్నప్పటి ఫొటోలు అడగండి. కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప గొట్టం బిగించి, ఒక్కో వైపే చేయాలి. ఈ జాగ్రత్త తీసుకోకపోతే బాడీ మధ్యలో వంగిపోతుంది, ఆ తర్వాత తలుపు కుదురుగా కూర్చోదు.

ప్రశ్న: ఏళ్ల తరబడి నిలిచిపోయిన పాత కారును ఎలా స్టార్ట్ చేయాలి?

జవాబు: ముందే బ్యాటరీ తగిలించి తాళం తిప్పకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో టీస్పూన్ ఇంజిన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు క్రాంక్ పుల్లీ (ఇంజిన్ చివర ఉండే చక్రం) బోల్టుకు స్పానర్ పెట్టి చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. పట్టేస్తే బలం చూపొద్దు, అతుక్కున్న పిస్టన్ రింగో వాల్వో విరుగుతుంది. తేలిగ్గా తిరిగితే పాత ఆయిల్ మార్చి, ప్లగ్గులు బిగించకుండానే స్టార్టర్‌తో తిప్పుతూ ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా చూడండి.

పాత పెట్రోలు పారబోసి, ఇథనాల్‌ను తట్టుకునే కొత్త గొట్టాలు వేయండి. పాత రబ్బరు ఇథనాల్‌కు చెడిపోయి కారుతుంది, ఆ పెట్రోలు వేడి ఎగ్జాస్ట్ మీద పడితే మంటలే. బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుని లోపలి పిస్టన్లకు తుప్పు పట్టిస్తుంది. రబ్బరు హోస్‌లు లోపల ఉబ్బితే పెడల్ వదిలినా చక్రం పట్టే ఉంటుంది. రెండూ మార్చాల్సిందే. టైరు మీది తేదీ కోడ్‌లో నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటిన టైరు, గాళ్లు ఎంత లోతున్నా, వద్దు.

ప్రశ్న: రేపు మళ్లీ బాధపడకుండా ఇప్పుడు ఏది కొనాలి?

జవాబు: మా ఓటు 1989లో వచ్చిన మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5కి. తొలి 1.6 ఇంజిన్లలో క్రాంక్ ముందు భాగం పొట్టిది, అక్కడి కీ (పుల్లీ జారకుండా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) అరిగితే ఇంజిన్ టైమింగ్, అంటే వాల్వులు తెరుచుకునే వేళ, తప్పుతుంది. క్రాంక్ పుల్లీకి నాలుగు గాళ్లుంటే పొట్టి రకం, ఎనిమిదుంటే తర్వాతి గట్టి రకం. సీట్ల వెనుక రెండు మూలల్లో మడిచే పైకప్పు మీది నీరు పోయే రంధ్రాలుంటాయి. అవి పూడుకుపోతే నీళ్లు సిల్‌లోకి దిగి, వెనుక చక్రానికి కాస్త ముందు తుప్పు లేస్తుంది. కొన్న రోజే మెత్తటి ప్లాస్టిక్ తీగతో వాటిని శుభ్రం చేయండి. గట్టి ఇనుప తీగ వాడితే లోపలి గొట్టం చిరుగుతుంది.