అమ్మమ్మ కథలోనే ఉంది ‘డేర్’, ‘ఐన్’ కిటుకు

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చేశాను. జర్మనీలో ఉద్యోగం కోసం ఆరు నెలలుగా జర్మన్ నేర్చుకుంటున్నాను. ఇంగ్లిష్ ‘ద’ లాంటివి జర్మన్‌లో మూడు: ఏ మాటకి డేర్, ఏ మాటకి డీ, డాస్ అన్నది బట్టీ పట్టేశాను. కానీ నోరు విప్పగానే ‘డేర్’ అనాలా, ఇంగ్లిష్ ‘ఎ’ లాంటి ‘ఐన్’ అనాలా అని టెన్షన్. తెలుగులో ఇలాంటివి లేవు కదా, ఎలా అలవాటు చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: లేవని ఎవరన్నారమ్మా? ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.’ మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’. జర్మన్ కథలూ ఇలాగే మొదలవుతాయి: ‘ఎస్ వార్ ఐన్‌మాల్ ఐన్ క్యోనిష్’ అని ఒక రాజుని తెస్తారు, తర్వాతి వాక్యంలో అతనే ‘డేర్ క్యోనిష్’. రాజు అదే రాజు. మారింది వినేవాళ్ళ సంగతి: ఇందాక తెలియదు, ఇప్పుడు తెలుసు.

మీ పనిలోనే చూడండి. డ్యూటీ దిగుతూ ‘డేర్ పాట్సియెంట్ హాట్ ఫీబర్’ అన్నారనుకోండి. తెలుగులో ‘పేషెంటుకి జ్వరం’ అన్నట్టే మీకు అనిపిస్తుంది. అవతలి నర్సుకి మాత్రం, ఆ పేషెంటు ఎవరో తనకి ముందే తెలుసన్నట్టు వినిపిస్తుంది. ‘ఏ పేషెంటు?’ అని అడుగుతుంది. అదే ‘ఐన్ పాట్సియెంట్’ అంటే, ఎవరో చెబుతారని తర్వాతి మాట కోసం చూస్తుంది.

జర్మనీలోని లైప్సిగ్‌లో చదువుకునేటప్పుడు ఒక రాత్రి గది తాళంచెవి పోగొట్టుకున్నాను. ఇంటి ఓనరమ్మకి ఫోన్ చేసి ‘ఐనెన్ ష్లుస్సెల్’, అంటే ఒక తాళంచెవి పోయిందన్నాను (ఇక్కడ ‘ఐన్’ కాస్తా ‘ఐనెన్’, ‘డేర్’ కాస్తా ‘డేన్’ అవుతాయి). ఆవిడ నాకిచ్చినవి మూడు: వీధి తలుపుది, గదిది, కింద సామాన్ల గదిది. వాటిలో ఏదో ఒకటి పోయిందనుకుని, రేపు చూద్దాంలే అంది. నేను మెట్ల మీద చలికి వణుకుతూ నిలబడి ఉన్నాను. ‘డేన్ ట్సిమ్మర్‌ష్లుస్సెల్’, అంటే నా గదికున్న ఆ ఒక్క తాళంచెవి అని ఉంటే ఆవిడకి వెంటనే విషయం అర్థమయ్యేది. అప్పటినుంచి నా విద్యార్థులకి వ్యాకరణం పట్టిక కంటే ముందు ఈ తాళంచెవి సంగతే చెబుతున్నాను.

అయితే ‘డేర్’ అంటే ‘ఆ’ అని అన్నిచోట్లా పెట్టుకోకండి. మనవాళ్ళు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. సూర్యుణ్ణి మనం ‘ఆ సూర్యుడు’ అనం. వాళ్ళకి మాత్రం ‘డీ జోన్నె’, ఎందుకంటే ఉన్నది ఒక్కడే, ఎవరో చెప్పక్కర్లేదు. అలాగే ‘ఐన్ ట్సిమ్మర్’ అని ఒక గది గురించి మొదలుపెట్టాక, ఆ గదికున్న కిటికీ మొదటిసారే అయినా ‘డాస్ ఫెన్‌స్టర్’. గది అనగానే వినేవాళ్ళ మనసులో కిటికీ కూడా వచ్చేసింది మరి. తెలుగులో మనం ‘కిటికీ’ అని ఊరుకుంటాం.

ఇలాంటి తేడా మనకి ఇంకోచోట కూడా ఉంది. ‘పుస్తకం చదివాను’ అంటే ఏదో ఒకటి చదివారు. ‘పుస్తకాన్ని చదివాను’ అంటే ఏ పుస్తకమో మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. ఆ ‘ని’ దగ్గర మీ నోరు ఎప్పుడూ తడబడి ఉండదు.

ఇంటర్వ్యూలో వృత్తి చెప్పేటప్పుడు మాత్రం రెండూ వద్దు: ‘ఇష్ బిన్ ప్ఫ్లేగెఫాఖ్‌ఫ్రౌ’, అంటే ‘నేను నర్సుని’. ఈ వారం రోజూ ఐదు వాక్యాల డ్యూటీ రిపోర్టు రాయండి. ‘డేర్, డీ, డాస్’ వచ్చిన ప్రతిచోటా ఆగి, అవతలి నర్సు ‘ఎవరు? ఏది?’ అని అడుగుతుందేమో చూసుకోండి.