పాషండుడు అంటే తిట్టేనా?

ప్రశ్న: సార్, మాది పత్తికొండ. మొన్న సెలవుల్లో పిల్లోల్లని పిల్చుకొని జొన్నగిరి పక్కన ఎర్రగుడి బండల మీదుండే అశోకుడి శాసనాలు చూసేకి పోయినాము. అన్ని పాషండాలనూ గౌరవిస్తానని అశోకుడు రాయించినాడంట అని మా వెంట వచ్చిన టీచర్ చెప్పినాడు. మా జేజినాయన పురాణం చదివేటప్పుడు పాషండుడు అంటే వేదం నమ్మనోడు, పాపాత్ముడు అని చెప్పేవాడు, మరి అట్లాంటోల్లని రాజు ఎందుకు గౌరవిస్తాడు సార్? టీచర్ ఏమన్నా తప్పు చెప్పినాడా?

జవాబు: టీచర్ చెప్పింది కరెక్టే, మీ జేజినాయన చెప్పిందీ కరెక్టే, మధ్యలో మాటే మారిపోయింది.

అశోకుడిది క్రీస్తుకు ముందు 3వ శతాబ్దం. అప్పట్లో పాషండం అంటే ఏదో ఒక మతమార్గం పట్టుకొని నడిచే వర్గం, ఆ మాటలో తిట్టు అనేదే లేదు. బౌద్ధులు, జైనులు, ఆజీవకులు, బ్రాహ్మణులు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. కాందహార్‌లో ఇదే శాసనాన్ని గ్రీకులో చెక్కినప్పుడు కూడా పాషండం అనేచోట, గురువు దగ్గర కూర్చొని తత్వం నేర్చుకునే బడికి వాళ్లు వాడే మాటనే పెట్టినారు.

ఎర్రగుడిలో పెద్ద శాసనాలు 14 ఉన్నాయి కదా, మీ టీచర్ చెప్పింది 12వది. నాకు ఎంత చదివినా తనివి తీరని శాసనం అది. నోరు అదుపులో పెట్టుకోండి, సందర్భం లేకుండా మీ పాషండాన్ని పొగుడుకోవద్దు, ఎదుటోల్లదాన్ని తిట్టొద్దు, నా మతం మీద భక్తి అని పక్కోల్ల మతాన్ని కించపరిచినోడు తన మతానికే ఎక్కువ చెరుపు చేసుకుంటాడు అని దాని సారాంశం.

తర్వాత వేదాన్ని ప్రమాణంగా పెట్టుకున్న పండితులు, వేదాన్ని ఒప్పుకోని బౌద్ధ జైనాలకు మాత్రమే ఈ మాట వాడుకుంటా వచ్చినారు, అందరిదీ అయిన పేరు కాస్తా అవతలోడి పేరు అయిపోయింది, ఇంక అవతలోడి పేరు తిట్టు అయ్యేకి ఎంతసేపు! మనుస్మృతి 4వ అధ్యాయానికి వచ్చేసరికి పాషండుల్ని నోటిమాటతో కూడా గౌరవించొద్దు అని ఉంటుంది. అశోకుడు చెప్పినదానికి నేరుగా ఎదురు చూడండి, ఇది తల్చుకుంటే నాకు మనసుకు కష్టంగా ఉంటుంది. పురాణాలు ఈ రెండో అర్థాన్నే పట్టుకున్నాయి, మీ జేజినాయనకు అందింది అదే. హిందీలో పాఖండీ అంటే ఇంకా దిగజారి దొంగభక్తుడు అయిపోయినాడు.

అశోకుడి బిరుదుకు కూడా ఇదే గతి పట్టింది. దేవానాంప్రియ అంటే దేవతలకు ఇష్టమైనవాడు అని, తర్వాతి వ్యాకరణ పండితులేమో దానికి మూర్ఖుడు అని అర్థం రాసినారు.

మళ్లీ పోతే పొద్దున్నే పోండి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అక్షరాలు బాగా తేలి కనిపిస్తాయి. పిల్లోల్లని మాత్రం బండ మీద గీకనీయొద్దండి.