పిల్లిపిల్ల చెవిలో నల్లటి మురికి: బడ్ పక్కన పెట్టండి, ముందు చూపించండి

మీ 3 నెలల పిల్లిపిల్ల చెవుల్లో నల్లగా ఏదో పేరుకుంటోందని, ఇయర్ బడ్‌కి కాస్త నూనె రాసి ఇంట్లోనే తీసేయొచ్చా అని అడిగారు. వద్దండి. మా మొదటి పిల్లికి నేను చేసింది సరిగ్గా అదే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

బుజ్జి మా ఇంటికి వచ్చేసరికి దానికీ దాదాపు అంతే వయసు. చెవుల్లో తడిసి ఎండిన కాఫీ పొడిలాంటిది ఉండేది. మురికే కదా అని రోజు విడిచి రోజు బడ్‌తో తీసేదాన్ని. బడ్‌కి ఎంతో కొంత అంటుకొచ్చేది, శుభ్రమైపోయిందనుకునేదాన్ని. రెండు రోజులకి మళ్లీ మామూలే. పది రోజులు తిరగకుండానే చెవి వెనక రక్తం వచ్చేలా గోక్కుంది. అప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఆ నల్లటిది కొంచెం తీసి మైక్రోస్కోప్ కింద పెట్టి, నన్నే చూడమన్నారు. చిన్న చిన్న పురుగులు కదులుతున్నాయి. ఇయర్ మైట్స్ అన్నారు. నేను మురికి అనుకున్నది గులిమి, ఎండిన రక్తం, ఆ పురుగుల విసర్జన కలిసిన ముద్దట. బడ్‌తో బయటికి తీసింది కొంచెం, లోపలికి కూరింది ఎక్కువ. ఇన్నేళ్లైనా అది తలుచుకుంటే బాధగానే ఉంటుంది. బుజ్జి అరవకుండా ఓర్చుకుంది, నేనేమో అలా తీయడం దానికి ఇష్టమేననుకున్నాను.

పిల్లి చెవి గొట్టం ముందు నిలువుగా కిందికి దిగి, తర్వాత తల లోపలి వైపుకి అడ్డంగా తిరుగుతుంది. కర్ణభేరి ఆ మలుపు అవతల, చివర్లో ఉంటుంది. బడ్ పెడితే మురికి ఆ మలుపు దగ్గర గట్టిగా పేరుకుపోతుంది, పిల్లి ఒక్కసారి తల విదిలిస్తే లోపల గాయమవుతుంది. అసలు ఆరోగ్యంగా ఉన్న చెవికి మన సాయం పెద్దగా అక్కర్లేదు. గొట్టం లోపలి చర్మం మెల్లగా బయటివైపుకి జరుగుతూ, గులిమిని తనతో మోసుకొచ్చేస్తుంది. ఊరికే తరచూ కడుగుతూ ఉంటే ఆ చర్మం ఒరిసి లేనిపోని ఇన్ఫెక్షన్ వస్తుంది.

అందుకే నేను ఇప్పుడు వారానికోసారి చూస్తాను, వాసన చూస్తాను, అంతే. లోపల లేత గులాబీ రంగులో ఉండి, లేత గోధుమరంగు గులిమి రవ్వంత ఉండి, వాసన లేకపోతే ఆ చెవి జోలికి పోను. (చెవి డొప్ప బయటి అంచు కింద చిన్న సంచిలాంటి మడత కనిపిస్తే కంగారు పడకండి. చిరిగిందేమో అని నేను ఒకసారి బెదిరిపోయాను. అది ప్రతి పిల్లికీ పుట్టుకతోనే ఉంటుంది.) వెంట్రుకలు లేని స్ఫింక్స్ జాతి పిల్లులకి మాత్రం గులిమి త్వరగా పేరుకుంటుంది, వాటిని తరచూ తుడవాల్సి వస్తుంది.

మీరు చెప్పిన నల్లటి మురికి ఉంటే ముందు డాక్టరు చూడాలి. దుర్వాసన, చీము, రక్తం, ఎర్రటి వాపు, ముట్టుకుంటే నొప్పి ఉన్నా అంతే. తల ఒక పక్కకి వాల్చడం, నడుస్తూ తూలడం, కళ్లు అటూ ఇటూ అదరడం ఉంటే ఆ రోజే తీసుకెళ్లండి. డొప్ప దిండులా ఉబ్బితే, తల విదిలించీ విదిలించీ లోపల రక్తం చేరిందని అర్థం. చూపించకముందు చెవిలో చుక్క కూడా వేయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే వేసింది నేరుగా మధ్య చెవిలోకి పోతుంది. కొన్ని మందులు అక్కడ వినికిడినీ, నడకలో పట్టునూ దెబ్బతీస్తాయి. బయల్దేరే ముందు శుభ్రం చేయడం కూడా వద్దు, పరీక్షకి ఆ మురికే కావాలి.

డాక్టరు కర్ణభేరి బాగుందని చెప్పి, ఇంట్లో కడగమంటేనే కిందిది చేయండి. నేను చేసే పద్ధతి ఇది.

తిని మత్తుగా ఉన్న వేళ చూసుకుంటాను. డాక్టరు చెప్పిన చెవి క్లీనర్ సీసాని కాసేపు గుప్పిట్లో పట్టుకుని చల్లదనం పోగొడతాను. చల్లటిది చెవిలో పడితే పిల్లికి కళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత సీసా కనిపిస్తే చాలు పారిపోతుంది. పసిబిడ్డని పొత్తిళ్లలో చుట్టినట్టు తువ్వాల్లో చుట్టి, మొహం బయటికి ఉంచి, దాని వీపు నా పొట్టకి ఆనేలా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాను. మెడ దగ్గర బిగించను. డొప్పని మెల్లగా పైకెత్తి, సీసా కొన చెవికి తగలకుండా, డాక్టరు చెప్పినన్ని చుక్కలు వేస్తాను. వెంటనే డొప్ప మూసి, చెవి మొదట్లో వేళ్లతో 20, 30 సెకన్లు మెత్తగా నలుపుతాను. లోపల తడి చప్పుడు వినిపిస్తే మందు కిందికి దిగినట్టు. ఇక వదిలేసి తల విదిలించుకోనిస్తాను. కరిగిన గులిమి అలాగే పైకొస్తుంది, సగం పని పిల్లే చేస్తుంది. తర్వాత దూది వేలికి చుట్టి, కంటికి కనిపించే మేరకే తుడుస్తాను. రెండో చెవికి కొత్త దూది. అయిపోగానే దానికిష్టమైనది నోటికి అందిస్తాను. పిల్లి గింజుకుంటే ఒక చెవితో ఆపేసి, రెండోది మర్నాడు చూసుకుంటాను. పంతానికి పోతే వచ్చేసారి చేయి కూడా వేయనివ్వదు. కడిగాక తల వాల్చినా, తూలినా ఆలస్యం చేయకండి.

నూనె సంగతి అడిగారు కదా. అది లోపల జిడ్డుగా నిలిచి మురికిని పట్టి ఉంచుతుంది, డాక్టరుకి లోపల ఏమీ కనిపించదు. పురుగుల్ని పూర్తిగా చంపుతుందన్న నమ్మకం కూడా లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, వెనిగర్ ఒరిసిన చర్మాన్ని మండిస్తాయి. టీ ట్రీ ఆయిల్ పిల్లులకి విషం. కుక్కల కోసం చేసిన మందుల్లో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నవైతే పిల్లి ప్రాణానికే ముప్పు, పిల్లుల మందు చేసే కంపెనీదే అయినా సరే వాడకండి.

మీవాడి చెవుల్లోవి మైట్సే అయితే, డాక్టరు మెడ వెనక చర్మం మీద వేసే సెలమెక్టిన్ లాంటి మందు రాసివ్వొచ్చు, చెవిలో చుక్కలైనా ఇవ్వొచ్చు. ఏదైనా చెప్పినన్ని రోజులూ వాడండి. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి దాదాపు 3 వారాలు పడుతుంది. బుజ్జికి వారంలో గోకడం తగ్గిందని నేను చుక్కలు ఆపేశాను, నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంట్లో ఇంకో పిల్లి గానీ కుక్క గానీ ఉంటే, వాటి చెవులు శుభ్రంగా కనిపిస్తున్నా సరే, డాక్టరు దగ్గరికి వాటినీ వెంట తీసుకెళ్లండి. ఇవి ఒకదాన్నుంచి ఒకదానికి ఇట్టే అంటుకుంటాయి.